మసక దీపాలూ, మా అత్తగారి కళ్ళూ

ఇంట్లో దీపాలు ధగధగా వెలగడం ఆరోగ్యానికి మంచిది కాదు! సంసారానికి అసలే మంచిది కాదు!

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వడం అయ్యాక మీ గదిలో ట్యూబ్‌లైటు వేసి ఒకసారి చుట్టూ చూడండి. ఏం కనిపిస్తోంది? ఫ్యాను రెక్కల మీద దుమ్ము. గోడకి బీట. అద్దంలో మీ బట్టతల. గుమ్మంలో మీ ఆవిడ ముఖం, ఆ ముఖంలో మీ గురించిన అభిప్రాయం. వీటిలో ఒక్కటైనా చూసి తీరాల్సిన దృశ్యమా?

నేను కొంతకాలం మసక దీపాల కింద కాపురం చేసినవాణ్ణి. ఆ అనుభవంతో ఘంటాపథంగా చెబుతున్నాను. కుటుంబంలో శాంతి కావాలంటే వోల్టేజి పడిపోయిన బ్యాటరీని మించిన సాధనం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు!

సంగతేమిటంటే, మా ఇంటి పైకప్పు కారుతోందని ఊడదీయించాం. "ఎంతసేపండీ, చిటికెలో పని" అన్నాడు మేస్త్రీ. మేస్త్రీల చిటికె ఎంత పొడుగుంటుందో ఇల్లు బాగుచేయించుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఈలోగా ఎక్కడుండాలి? ఏదైనా చిన్న అద్దె ఇల్లు చూద్దామంది మా ఆవిడ. సరిగ్గా అప్పుడే నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వచ్చినప్పుడల్లా మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఆ రోజూ కూర్చుంది.

నేను కారవాన్ కొన్నాను.

కారవాన్ అంటే చక్రాల మీది ఇల్లు. వంటగట్టు, ఫ్రిజ్, ఏసీ, మంచాలు, స్నానాల గది, అన్నిటినీ ఒక పొడుగాటి డబ్బాలో కూరి కింద టైర్లు తగిలిస్తే అదే కారవాన్. సెకండ్ హ్యాండే అనుకోండి. అయినా మా వీధిలో ఇంకెవరికుంది? దాన్ని ఇంటి పక్క సందులో నిలబెట్టి, గోడ ప్లగ్గులోంచి వైరు లాగి, పాలు కూడా పొంగించకుండా కాపురం పెట్టేశాం. పైకప్పు దుమ్ము లోపలికి రాకుండా మేస్త్రీ కిటికీలన్నిటి మీదా టార్పాలిన్ కప్పాడు. దాంతో లోపల పట్టపగలు కూడా దీపాలు వేసుకోవాల్సిందే.

అందులో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తుంది. ఎవరేం చెప్పినా "రిపోర్టు ఏదీ?" అన్నట్టు చూడటం ఆవిడకి వృత్తిరీత్యా అబ్బిన గుణం.

అత్తగారు కుట్టు స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యింది ఉద్యోగం నుంచే, కుట్టు నుంచి కాదు. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ చేతిమిషను ఆవిడ వెంటే. ఎవరి ఒంటి మీదైనా వంకర కుట్టు కనిపించిందంటే ఆ పూట ఆవిడకి అన్నం సహించదు. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా ముందు నా కాలరు చూసి, తరవాత ముఖం చూశారు. కాలరు గురించి ఏమీ అనలేదు. ముఖం గురించీ ఏమీ అనలేదు.

కారవాన్‌లో మడతబల్ల దగ్గర, నెత్తి మీద చిన్న దీపం కింద మిషను పెట్టుకున్నారు. కొన్నాళ్ళు హాయిగా కుట్టుకున్నారు.

ఆ తరవాత దీపాలు మసకబారాయి. గబుక్కున కాదు. తలకి వేసిన రంగు వెలిసిపోయినట్టు, ఎప్పుడు మొదలైందో తెలియకుండా. తెల్లటి వెలుతురు కాస్తా పసుపైంది. పసుపు కాస్తా టీ రంగులోకి దిగింది.

అబ్బ, ఏం రోజులండీ అవి! కూర మాడిందో లేదో తెలిసేది కాదు, కాబట్టి గొడవ లేదు. పేపరులో అక్షరాలు కనిపించేవి కావు, కాబట్టి బీపీ లేదు. గిన్నెలు కడగడం నా వంతు. నా వంతు ఇంత బాగా ఎన్నడూ చేయలేదు. అంటే, చేయలేదన్న సంగతి ఎవరికీ కనిపించలేదు! మా ఆవిడ ఆ వెలుతురులో పదేళ్ళు చిన్నదానిలా ఉంది. ఆ మాటే చెప్పాను. "మీరూ బాగున్నారు, ఎవరో తెలియట్లేదు" అంది.

ఇంత స్వర్గంలోనూ ఒకే ఒక్క అపశ్రుతి. అది అత్తగారు.

"అల్లుడుగారూ, ఈ దీపాలు మసగ్గా ఉన్నాయండీ" అన్నారు ఓ రోజు.

"ఏం లేదే, బాగానే ఉన్నాయి అత్తయ్యగారూ" అన్నాను.

మర్నాడు మళ్ళీ అన్నారు. ఆ మర్నాడూ అన్నారు. "సూదిలో దారం ఎక్కట్లేదు. నల్లదారమో నీలిదారమో తేడా తెలియట్లేదు. ఓసారి చూపించండి ఎవరికైనా."

నేను కొన్న బండిలో లోపమా! నేను ఊరుకుంటానా? వెంటనే నిపుణుణ్ణి పిలిపించాను. నిపుణుడంటే మా బావమరిదే. అతగాడు ఎయిర్ కూలర్లు అమ్ముతాడు. నడుముకి వోల్టేజి కొలిచే మీటరు వేలాడేసుకుని తిరుగుతాడు. పూర్వం రాజులు కత్తి వేలాడేసుకున్నట్టే. ఎవరినైనా పొడిచారా లేదా అన్నది వేరే విషయం.

గోడ ప్లగ్గులో మీటరు తీగలు పెట్టి చూశాడు. "రెండొందల ముప్పై! కరెంటు రాజాలా ఉంది బావగారూ!"

"బల్బులో?"

"బల్బులు కొత్తవేగా."

చూశారా! కరెంటు బాగుంది. బల్బులు బాగున్నాయి. ఇక మిగిలిందేమిటి? అత్తగారు!

ఇదే శాస్త్రీయ పద్ధతి అంటే. లోపం వెతికేటప్పుడు మంచివాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోవాలి. కారవాన్ నేను ఏరికోరి తెచ్చుకున్నది. అత్తగారు నేను ఏరుకోకుండానే వచ్చినవారు. ఈ రెండింట్లో దేన్ని అనుమానించాలో మీరే చెప్పండి!

"ఏమో, నాకూ కాస్త మసగ్గానే ఉంది" అని మా ఆవిడ మధ్యలో ఏదో అనబోయింది. "రోజంతా మైక్రోస్కోపులో చూసి చూసి అలసిపోయావు, పడుకో" అన్నాను ఆప్యాయంగా. నిజంగానే అలసిపోయిందేమో, పడుకుంది.

ఆ రోజు నుంచి అత్తగారి కళ్ళ రిపేరు మొదలుపెట్టాం. ప్రతి కూరలోనూ క్యారెట్టు. బావమరిది ఏవో చుక్కల మందు తెచ్చాడు. నేను భూతద్దం కొనిచ్చాను. ఆవిడ అన్నీ తిన్నారు, వేసుకున్నారు, పెట్టుకున్నారు. "తగ్గిందా?" అని అడిగితే, "మీరంతా బాగానే ఉందంటున్నారుగా, నాలోనే ఏదో అయ్యుంటుంది" అనేవారు. ఆ మాట విని నాకెంత సంతోషమేసిందో! మన వాదన ఒప్పుకునేవాళ్ళు దొరకడం ఎంత కష్టం ఈ రోజుల్లో?

అలాంటి సమయంలో పక్కింటి పాప గౌను వచ్చింది.

స్కూలు నాటకంలో ఆ పాప సముద్రం వేషం వేస్తోంది. నీలిగుడ్డ తెచ్చి అత్తగారికిచ్చారు. ఆవిడ టార్పాలిన్ చీకట్లో, టీ రంగు దీపం కింద, గుడ్డని ముక్కుకి ఆనించుకుని కుట్టారు. ఎంత కష్టపడ్డారో నేను కళ్ళారా చూడలేదు. చూసే వెలుతురు ఎక్కడుంది?

నాటకం రోజు ఆ పాప గౌను వేసుకుని, చూపించడానికి మా సందులోకి పరిగెత్తుకొచ్చింది. అత్తగారు కారవాన్ మెట్టు దిగి ఎండలోకి వచ్చారు. పాప గిర్రున తిరిగింది. గౌనూ తిరిగింది. అంచు ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. నీలిగుడ్డ మీద నల్లదారం. ఒక చెయ్యి తిరగేసి కుట్టి ఉంది.

వెనకే వచ్చిన వాళ్ళమ్మ మంచిది. "ఫర్వాలేదండీ, స్టేజీ మీద ఎవరికి కనిపిస్తుంది" అంది.

తిట్టినా బాగుండేది. అత్తగారు ఆ అంచు పట్టుకుని, "విప్పి కుట్టేస్తానమ్మా, ఒక్క క్షణం" అన్నారు. "టైమైపోయిందండీ" అని పాపని లాక్కుని వెళ్ళిపోయింది ఆవిడ. పాప మాత్రం వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, తిరగేసిన చెయ్యే. వాళ్ళు మలుపు తిరిగాక కూడా అత్తగారు అక్కడే నిలబడి ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ మిషనుని దుప్పట్లో చుట్టారు. ఎవరికో ఫోను చేశారు. కాసేపటికి ఒకమ్మాయి స్కూటరు మీద వచ్చింది. ఒకప్పుడు ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు పెద్దవీధిలో సొంతంగా కుట్టుషాపు నడుపుతోంది. అయినా అత్తగారు ఆ అమ్మాయిని ఇప్పటికీ "వంకరకుట్టూ" అనే పిలుస్తారు. మొదటి రోజుల్లో కుట్టిన కుట్టల్లా విప్పించారట.

"ఇది నువ్వు తీసుకెళ్ళవే" అన్నారు అత్తగారు.

"మీ మిషనా? నాకెందుకు టీచర్! మీరేం చేస్తారు?"

"నాకు కనిపించట్లేదమ్మా. కనిపించనివాళ్ళు కుట్టకూడదు. నేను నీకు చెప్పిందేగా ఆ మాట?"

వంకరకుట్టు మిషను వైపు చూసింది, దీపం వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. వెలుతురు తక్కువ కదా! ఆ పిల్ల మిషను ఎత్తుకుని, గుమ్మం దగ్గర ఓసారి ఆగి, వెళ్ళిపోయింది.

మడతబల్ల ఖాళీ అయింది. నా కాఫీ మిషనుకి సరైన చోటు లేక ఎన్నాళ్ళుగానో ఇబ్బంది పడుతున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఆ తరవాత అత్తగారు దీపాల మాట ఎత్తలేదు. ఒక్కసారి కూడా! చూశారా, సమస్య ఎంత తేలిగ్గా పరిష్కారమైపోయిందో? ఫిర్యాదు ఆగిందంటే లోపం పోయినట్టే. పెద్దపెద్ద ఆఫీసులన్నీ ఈ సూత్రం మీదే కదా నడుస్తున్నాయి!

ఆవిడ మంచం అంచున కూర్చుని ఉండేవారు. అంతే. పిలిస్తే పలికేవారు. పెడితే తినేవారు. ఒక సాయంత్రం మా ఆవిడ ల్యాబ్ నుంచి వచ్చి, చెప్పులు విప్పబోయి ఆగిపోయింది. వాళ్ళమ్మ వేళ్ళు దుప్పటి అంచు వెంట కదులుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, సూదీ దారమూ లేకుండా, అంచు మడిచి కుట్టుకుంటూ పోతున్నాయి. చివర ముడి వేసి, మళ్ళీ మొదటినుంచి.

మా ఆవిడ చెప్పులు విప్పలేదు. "రేపు అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. మీరూ రండి" అంది. "రండి" అన్న మాట ఎంత పొడుగ్గా సాగదీయొచ్చో ఆ రోజే తెలిసింది.

కళ్ళ డాక్టరు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా బోర్డు వెలిగించింది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. అత్తగారు గడగడా చదువుకుంటూ కిందికి దిగిపోయారు. ఆఖరి వరసా చదివేశారు. దానికింద, మూల, చీమంత అక్షరాల్లో బోర్డు అచ్చేసినవాళ్ళ చిరునామా ఉంది. అదీ చదివేశారు!

డాక్టరు లైటు వేసి కళ్ళలోకి చూసింది. ఇంకేవో యంత్రాల్లోంచి చూసింది. "ఈ వయసుకి ఇంత మంచి కళ్ళు నేనైతే చూడలేదమ్మా. మీకు ఎక్కడ కనిపించట్లేదు?"

"ఇంట్లో అండీ."

"ఇంట్లో అంటే ఏ గదిలో?"

"గది కాదండీ, బండి. అందులో దీపాలు నాకు మసగ్గా కనిపిస్తాయి. అల్లుడుగారికి బాగానే కనిపిస్తాయి."

డాక్టరు నా వైపు తిరిగింది. "అయితే మీరు కూర్చోండి ఇక్కడ" అంది.

కూర్చున్నాను. రెండో వరస దాటలేకపోయాను. బోర్డులో ఉన్నది అక్షరమో, దోమ వాలిందో తేల్చుకోలేకపోయాను. డాక్టరు నాకు కళ్ళజోడు రాసింది. అత్తగారికి మాత్రం కాగితం మీద ఏమీ రాయలేదు. "మీ కళ్ళు ఎవరికీ చూపించక్కర్లేదు, మీ దీపాల్ని చూపించండి" అని నోటితోనే చెప్పింది.

దారి పొడుగునా అత్తగారు కిటికీలోంచి దుకాణాల బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వచ్చారు. చిన్నపిల్లలా, ఒక్కటి కూడా వదలకుండా.

ఇంటికి రాగానే మా ఆవిడ తమ్ముణ్ణి పిలిపించింది. "ఒరేయ్, ఆ రోజు నువ్వు మీటరు ఎక్కడ పెట్టావు?"

"గోడ ప్లగ్గులో అక్కా. రెండొందల ముప్పై, రాజాలా..."

"ఆ దీపాలు వెలిగేది గోడ కరెంటుతోనా?"

కూలర్ల షాపులో ఎవరూ అడగని ప్రశ్న! కారవాన్‌లో కరెంటు రెండు రకాలట. ఫ్రిజ్, ఏసీ, కాఫీ మిషను గోడ ప్లగ్గు మీద నడుస్తాయి. దీపాలు మాత్రం బండి అడుగున ఉండే బ్యాటరీ మీద వెలుగుతాయి. ఆ బ్యాటరీని ఎప్పటికప్పుడు నింపడానికి లోపలే ఒక ఛార్జరు ఉంటుంది. ఇదంతా బండితో పాటు ఇచ్చిన పుస్తకంలోనే ఉందట. పుస్తకం చదవడానికి నాకు... సరే, వెలుతురు లేదు!

మా ఆవిడ బ్యాటరీ పెట్టె మూత తీయించింది. తమ్ముడి చేత మీటరు పెట్టించింది. ఛార్జరు పనిచేస్తుంటే అంకె పదమూడు దాటాలి. అది పదకొండు దగ్గర ఆయాసపడుతోంది. బండి నెత్తిన చిన్న సోలారు పలక ఒకటుంది. సందులోకి ఎండ తొంగిచూసిన కాసేపట్లో అది పోసే గుక్కెడు కరెంటుతోనే పాపం బ్యాటరీ ఇన్నాళ్ళూ ప్రాణాలు నిలబెట్టుకుంది.

"అంటే ఛార్జరు పోయిందక్కా" అన్నాడు బావమరిది.

"పోయిందో, ఆగిందో ముందు చూడు."

స్విచ్చుల పెట్టె తెరిచారు. అన్నీ పైకి ఉన్నాయి. ఒక్కటే కిందికి ఉంది.

"ఛార్జరు స్విచ్చిది. దీన్ని ఎవరు ఆపారు?" అంది మా ఆవిడ.

పాఠకులారా, నా పరిస్థితి అర్థం చేసుకోండి. ఏసీ నడుస్తుండగా కాఫీ మిషను వేస్తే చాలు, కరెంటు టప్పున పోయేది. ఏదో ఒకటి ఆపాలి. ఏసీ ఆపుతామా? కాఫీ మానుతామా? స్విచ్చులన్నీ ఒక్కొక్కటే ఆపి చూశాను. ఒకటి ఆపితే ఫ్రిజ్ ఆగింది. ఒకటి ఆపితే ఏసీ ఆగింది. ఇదొక్కటి ఆపితే మాత్రం ఏదీ ఆరిపోలేదు, ఏదీ ఆగిపోలేదు. కాబట్టి ఇది పనీపాటా లేని స్విచ్చని తేల్చాను. మీరైతే తేల్చరా? చప్పుడు చేయకుండా పనిచేసేదాన్ని పనిచేస్తోందని ఎలా కనిపెట్టడం?

ఈ వాదన అంతా అక్కడ వినిపించాను. బావమరిది మీటరుని నడుము నుంచి విప్పి జేబులో పెట్టుకున్నాడు. మా ఆవిడ స్విచ్చు పైకి నొక్కింది. లోపల ఎక్కడో చిన్న ఫ్యాను గుర్రుమంది. అత్తగారు అది విని, "అమ్మయ్య" అన్నారు. అంతే.

మర్నాటికి దీపాలు పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోయాయి. నాకు కొత్త కళ్ళజోడూ వచ్చింది. ఇంకేముంది, నా సుఖాలన్నీ ఒక్కపూటలో కూలిపోయాయి! నేను కడిగిన గిన్నెలు కనిపించాయి. మడతబల్ల మీద కాఫీ మరకలు కనిపించాయి. మా ఆవిడ ముఖమూ కనిపించింది. పదేళ్ళు తగ్గలేదు సరికదా, కొన్ని ఎక్కువే ఉన్నాయి. ఆ ఎక్కువ ఏళ్ళు ఎవరు పెట్టినవో తెలుస్తూనే ఉంది.

మా ఆవిడ వంకరకుట్టు షాపుకి వెళ్ళి మిషను అడిగింది. ఆ పిల్ల దుప్పటి కూడా విప్పలేదట. "అడుగుతారని నాకు తెలుసక్కా. ఆ దీపం చూసినప్పుడే తెలుసు. టీచర్ ముఖం చూసి నోరు పెగల్లేదు" అందట.

కానీ అత్తగారు మిషనుని కారవాన్‌కి తేనివ్వలేదు. "అక్కడే ఉండనీ. అక్కడ కిటికీ ఉంది" అన్నారు. ఇప్పుడు పొద్దున్నే షాపుకి వెళ్ళి కూర్చుంటున్నారు. మొట్టమొదట చేసిన పని, పక్కింటి పాప గౌను అడిగి తెప్పించుకుని, కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టడం. నాటకం అయిపోయిందిగా అంటే, "గౌను అయిపోలేదుగా" అన్నారట. మా పైకప్పు కూడా వేయడం అయిపోయింది. మేం ఇంట్లోకి వచ్చేశాం. ఆవిడ మాత్రం షాపు మానలేదు.

నిన్న నేనూ వెళ్ళాను. ఏదో చొక్కా పని ఉందని చెప్పాను కానీ, అసలు పని వేరు. కిటికీ పక్కన అత్తగారు వీపు ఇటు తిప్పి కూర్చుని, ఏదో పొడుగాటి గుడ్డ కుడుతున్నారు. వంకరకుట్టు నన్ను చూసి, కావాలనే లోపలికి వెళ్ళిపోయింది.

"అత్తయ్యగారూ, తప్పు నాదే. మీరు చెప్పినప్పుడు వినాల్సింది" అన్నాను.

మిషను చప్పుడు ఆగలేదు. ఆవిడ తిరగలేదు. వినిపించలేదా? ఆ వయసులో కళ్ళు అంత బాగుంటే చెవులు కాస్త వెనకబడటం సహజమే. మంచి చెవుల డాక్టరు ఎవరున్నారా అని నా బుర్ర అప్పుడే వెతకడం మొదలుపెట్టింది. ఎందుకైనా మంచిదని ముందుకి వంగి, ఈసారి గట్టిగా, వీధిలోవాళ్ళు తిరిగి చూసేలా అన్నాను.

"తప్పు నాదే అత్తయ్యగారూ!"

అత్తగారు చక్రం ఆపారు. దారం పళ్ళతో తుంచారు. అప్పుడు తిరిగారు.

"మొదటిసారే వినపడింది అల్లుడుగారూ. ఇంకోసారి వినాలనిపించి ఊరుకున్నా."